గరగర దాటితే 927

విశాఖపట్నంలో బయల్దేరి ఇచ్ఛాపురం వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్న కారులో రేడియో మోగుతుంటే, ఊళ్ళ బోర్డులు చూడకుండానే బండి ఎక్కడి దాకా వచ్చిందో ఇంచుమించుగా చెప్పేయొచ్చు. ఆనందపురం, తగరపువలస దాకా 98.3 మిర్చి, 92.7 బిగ్, 93.5 రెడ్ పోటాపోటీగా వినిపిస్తాయి. రణస్థలం వైపు వెళ్ళేకొద్దీ పాటలో చరణానికీ చరణానికీ మధ్య బుసబుస మొదలవుతుంది. శ్రీకాకుళం దగ్గర ఒక్కో స్టేషనూ చేజారిపోతుంది. టెక్కలి దాటి నందిగాం చేరేసరికి మిగిలేది గరగరే. మళ్ళీ ఇచ్ఛాపురం సమీపించాక, బరంపురం వైపు నుంచి ఒడియా పాటలు అందుకుంటాయి.

ఈ నడిమి ముక్కలో, అంటే టెక్కలి, నందిగాం, పలాస, ఉద్దానం తోటల మధ్య తిరిగే కార్లలో వినిపించే మాట ఒకటే. "ఏట్రా బావా ఆ గోల, ఆపీ!" బావ ఆపేస్తాడు. ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేస్తాడు, లేదంటే పెన్ డ్రైవ్ గుచ్చుతాడు. ఈ ప్రాంతంలో రేడియో పని చెయ్యదన్న తీర్పు అక్కడితో ఖాయం.

ఆ తీర్పు సగమే నిజం. ఎఫ్‌ఎం అందకపోవడం నిజం. రేడియో అందకపోవడం మాత్రం చాలాసార్లు వేలు తప్పు బటన్ మీద పడడం వల్ల.

ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. భూమి గుండ్రంగా ఉండడంతో వంద మీటర్ల ఎత్తు టవర్ నుంచి బయల్దేరిన సిగ్నల్ నేలను తాకకుండా పోగలిగేది నలభై కిలోమీటర్ల పైచిలుకు. శక్తిమంతమైన ట్రాన్స్‌మిటరూ, ఎత్తయిన చోటూ కలిసొస్తే ఇంకొంత దూరం ఈడ్చుకొస్తుంది. విశాఖ నుంచి నందిగాం నూటయాభై కిలోమీటర్లకు పైమాటే. ఎంత ఖరీదైన స్టీరియో బిగించినా ఆ లెక్క మారదు. సముద్రం మీద గాలి పొరలు అనుకూలించిన రోజుల్లో ఎక్కడిదో దూరపు ఎఫ్‌ఎం ఉన్నట్టుండి పలికి, గంట తర్వాత మాయమైతే అది వాతావరణం చలవ, స్టీరియో గొప్పతనం కాదు.

మీడియం వేవ్ సంగతి వేరు. కారు తెరమీద ఏఎం అని కనిపించే బ్యాండ్ అదే. దాని తరంగం నేలను అంటిపెట్టుకుని, భూమి వంపుతో పాటే వంగి ప్రయాణిస్తుంది. ఎండిన నేల కంటే ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు మంచి దారి. విశాఖ నుంచి భావనపాడు, నువ్వలరేవు, బారువల దాకా ఒకే తీరం పరుచుకుని ఉంది. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్ నంబరు 927 కిలోహెర్ట్జ్. పట్టపగలు ఉద్దానంలో ఏ కొబ్బరితోట పక్కనో కారాపి, ఏఎంకి మార్చి, చేత్తో తిప్పి చూడాల్సిన నంబరు అదే.

చేత్తో అనడానికి కారణముంది. ఈ రోజుల్లో కారు రేడియోలో స్టేషన్ వెతికే దారులు రెండు. ఒకటి సీక్. బటన్ నొక్కితే రేడియో తనంతట తాను అంకెలు పరిగెత్తించి, గట్టి సిగ్నల్ దొరికిన చోట ఆగుతుంది. ఎంత గట్టిగా ఉంటే ఆగాలో తయారుచేసినవాళ్ళు ముందే ఒక గీత గీసి పెట్టారు. ఆ గీతకు కింద ఉన్న స్టేషన్ చెవికి చక్కగా వినిపించేదే అయినా సీక్ దాన్ని లెక్కచెయ్యదు, దాటేసి పోతుంది. నందిగాంలో ఎఫ్‌ఎం మీద సీక్ నొక్కితే అంకెలు 87.5 నుంచి 108 దాకా పోయి, మళ్ళీ మొదటికొచ్చి, గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. రెండోది ట్యూన్, అంటే ఒక్కో మెట్టూ మనమే ఎక్కడం. చాలా కార్లలో రెండింటికీ ఒకటే బటన్. చిన్న నొక్కుడుకు ఒకటి, నొక్కి పట్టుకుంటే మరొకటి. ఏది దేనికన్నది కంపెనీకో తీరు. కొన్ని సెట్లలో లోకల్, డీఎక్స్ అని ఇంకో ఎంపిక కూడా ఉంటుంది. లోకల్‌లో ఉంటే గీత ఇంకా పైకి పోతుంది, దగ్గరి స్టేషన్ల దగ్గరే ఆగుతుంది. విశాఖ నగరంలో అది సుఖమే. పలాసలో అది డీఎక్స్‌లో ఉండాలి. కారు కొన్నప్పటి నుంచి ఆ మెనూ తెరిచి చూడనివాళ్ళే ఎక్కువ.

తొమ్మిదో ఎక్కం

ఇక్కడో చిన్న తమాషా. విశాఖ 927, విజయవాడ 837, హైదరాబాద్ 738, కటక్ 972. నాలుగింటినీ తొమ్మిదితో భాగించి చూడండి, శేషం సున్నా. అంకెలు కూడితే నాలుగింటికీ పద్దెనిమిదే. ఇందులో సంఖ్యాశాస్త్రం ఏమీ లేదు. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఐరోపా, ఆఫ్రికా, ఆసియా దేశాలు మీడియం వేవ్ స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో పేర్చుకున్నాయి. 1978 నవంబరులో అది అమలులోకి వచ్చింది. అమెరికా ఖండాల్లో మాత్రం ఎడం పది.

అమెరికా ఎడంతో నందిగాంకి ఏం పని? ఉంది. పలాస కాశీబుగ్గ అనే కాదు, ఏ ఊళ్ళోనైనా కంపెనీ రేడియో పీకించి పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో వేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ సెట్లు ప్రపంచమంతటికీ ఒకటే సరుకు. సెట్టింగుల్లో ఎక్కడో లోపల రేడియో ప్రాంతం ఎంచుకునే చోటు ఉంటుంది. అది అమెరికా మీద ఉండిపోతే ఏఎం పదేసి అంకెలు గెంతుతుంది. 920 తర్వాత 930. మధ్యలో 927 మీద నిలబడడం దానికి చేతకాదు. 930 దగ్గర ఆగితే విశాఖ ముక్కుతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఎఫ్‌ఎంలోనూ ఇదే చిక్కు. అమెరికాలో దశాంశ స్థానంలో బేసి అంకెలే వాడతారు కాబట్టి 98.3, 92.7, 93.5 నిక్షేపంగా దొరుకుతాయి. విశాఖ రెయిన్‌బో 102.0, విజయవాడ రెయిన్‌బో 102.2 మాత్రం దొరకవు. ప్రైవేటు స్టేషన్లన్నీ వస్తూ ఆకాశవాణి ఒక్కటే రాకపోతే, చాలామంది ఆకాశవాణిని తిట్టుకుంటారు. చూడాల్సింది సెట్టింగ్‌ని.

స్టీరియో మార్పించినప్పుడు జరిగే పొరపాటు మరొకటుంది. కారు పైకప్పు మీద సొరచేప రెక్కలా ఉండే యాంటెన్నా లోపల చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కరెంటు అందాలి. అందుకోసం సెట్టు వెనక నుంచి ప్రత్యేకంగా ఒక తీగ వస్తుంది, ఎక్కువగా నీలం రంగుది. బిగించేటప్పుడు ఎర్ర, పసుపు, నల్ల తీగలు కలిపేసరికి తెర వెలుగుతుంది, పాట మోగుతుంది. డబ్బులిచ్చి వచ్చేస్తారు. నీలం తీగ టేపు చుట్టుకుని డాష్‌బోర్డు వెనక అలాగే ఉండిపోతుంది. ఊళ్ళో ఉన్నంతసేపు తేడా తెలియదు, ఊరు దాటగానే రేడియో చచ్చుబడుతుంది. పాత కార్లకుండే లాగే యాంటెన్నాకి ఈ గొడవ లేదు. పూర్తిగా బయటికి లాగితే చాలు. ఎఫ్‌ఎంకి డెబ్భై ఐదు సెంటీమీటర్ల కడ్డీ సరైన కొలత, ఎందుకంటే తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు. 927 తరంగం పొడవు మూడొందల ఇరవై మీటర్ల పైన. ఆ లెక్కన కారు మీద ఉన్న కడ్డీ ఏ మూలకూ చాలదు. అయినా పట్టుకుంటుంది, అది లోపలి సర్క్యూట్ల గొప్ప.

చాలనప్పుడు చుట్టూ ఉన్న రొద కూడా ఎక్కువే దూరుతుంది. హైటెన్షన్ లైను కింద బండి పోతున్నప్పుడు ఏఎంలో వచ్చే బర్రుమనే మోత అందరికీ తెలిసిందే. తెలియనిది సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చిన చవక ఫోన్ చార్జర్ సంగతి. అది ఏఎంని పాడు చేస్తుంది, ఎఫ్‌ఎంనీ వదలదు. రేడియో గరగరమంటే ముందు దాన్ని పీకి చూడాలి. డబ్బు ఖర్చు లేని రిపేరు ఇది.

చీకటి పడితే

సూర్యుడు దిగాక ఏఎం బ్యాండ్ మరో దేశం అయిపోతుంది. పగటిపూట పై వాతావరణంలో ఒక పొర మీడియం వేవ్‌ని మింగేస్తుంది. రాత్రికి ఆ పొర కరిగిపోతుంది. దానికి పైనున్న పొరలు తరంగాన్ని అద్దంలా తిప్పి నేలకు కొడతాయి. పగలు వినపడని విజయవాడ, కటక్, ఇంకా దూరపు ఊళ్ళు రాత్రి ఏడూ ఎనిమిదికి వరస కట్టి పలుకుతాయి. అదే వేళకి విశాఖ తేడాగా ప్రవర్తిస్తుంది. నేలబారున వచ్చిన తరంగమూ, ఆకాశం నుంచి తిరిగొచ్చిన తరంగమూ రెండూ నందిగాం దగ్గర కలుసుకుని ఒకసారి బలపరచుకుంటాయి, ఒకసారి కొట్టుకుంటాయి. గొంతు సన్నగిల్లి, అరనిమిషంలో మళ్ళీ పుంజుకుంటుంది. డ్రైవరు అది తగ్గినప్పుడల్లా వాల్యూమ్ పెంచుతాడు, పెరిగినప్పుడు చెవులు గింగుర్లెత్తి తగ్గిస్తాడు. వాల్యూమ్ జోలికి పోకుండా ఓపిక పట్టడమే దీనికి మందు.

ఒకప్పటి శ్రోతలకు ఈ రాకపోకలు కొత్త కాదు. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షీ పొన్నుదురై గొంతు కోసం ముల్లుని వెంట్రుకవాసి జరుపుతూ కూర్చున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. అప్పట్లో రేడియో ఉన్నవాళ్ళు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టేవాళ్ళు కూడా. కారులో రేడియో అంటే మరీ దర్జా. దాని లోపలి పనితనం ఇంట్లో సెట్టుకి భిన్నం. ఇంటి రేడియోలో రేకులు తిరిగే కండెన్సర్ ఉంటే, బండి కుదుపులకి అది నిలవదని కారు రేడియోలో చుట్టిన తీగ లోపల ఇనుప పొడి కడ్డీ ముందుకీ వెనక్కీ జరిగే ఏర్పాటు చేశారు. కింద వరసలో ఐదు లావుపాటి బటన్లు. నచ్చిన స్టేషన్ దగ్గర బటన్ బయటికి లాగి, లోపలికి గట్టిగా నొక్కితే ఆ చోటు దానికి గుర్తుండిపోయేది. తర్వాత ఎప్పుడు నొక్కినా టక్కుమని ముల్లు అక్కడికే పోయేది. కరెంటు లేని జ్ఞాపకశక్తి అది. చూడకుండా చేత్తో తడిమి నొక్కే వీలు ఇప్పటి తెరలకి లేదు.

తనంతట తాను స్టేషన్ వెతుక్కునే సౌకర్యం కూడా పాతదే. జర్మనీలో బెకర్ కంపెనీ 1953లో మెక్సికో పేరుతో అలాంటి కారు రేడియో తెచ్చింది.

ఇంకా వెనక్కి పోతే కథ వాల్యూమ్ దగ్గర మొదలవుతుంది. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే వ్యాపారి తన స్టూడ్‌బేకర్ కారులో రేడియో బిగించి, షికాగో నుంచి అట్లాంటిక్ సిటీలో జరిగే రేడియో తయారీదారుల సమావేశానికి తోలుకెళ్ళాడు. లోపల దుకాణం పెట్టుకునే స్తోమత లేదు. బయట కారాపి, రేడియో సౌండ్ పెంచి పెట్టాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగారు, ఆర్డర్లు వచ్చాయి. మోటరోలా పేరు పుట్టింది ఆ రేడియోకే. తర్వాత అదే కంపెనీ పేరైంది.

ఆ వాల్యూమ్ గుండీ అప్పట్లో నిజంగా గుండీయే. లోపల కార్బన్ పూత మీద రాసుకుంటూ తిరిగే ముల్లు ఉండేది. మొదట్లో టిక్కుమంటే ఆన్, తిప్పేకొద్దీ సౌండ్. దుమ్ము, ఉప్పుగాలి చేరితే ఆ పూత చెడి, తిప్పినప్పుడల్లా కరకరమనేది. సముద్రపు ఊళ్ళలో ఈ జబ్బు ముందుగా వచ్చేది. ఇప్పటి గుండీకి మొదలూ చివరా లేవు, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. అది సౌండుని తాకదు, ఇన్ని మెట్లు పైకి, ఇన్ని మెట్లు కిందికి అని లోపలి చిప్‌కి లెక్క చెబుతుందంతే.

చిప్ వచ్చాక వాల్యూమ్‌కి తెలివితేటలూ వచ్చాయి. బండి వేగం పెరిగేకొద్దీ టైర్ల మోత, గాలి హోరు పెరుగుతాయి. దానికి తగ్గట్టు సౌండ్ కాస్త కాస్త పెంచి, బండి నెమ్మదించగానే తగ్గించే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. సెట్టింగుల్లో వేగాన్ని బట్టి వాల్యూమ్ అని కనబడేది అదే. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు స్థాయిలుంటాయి. హైవే మీద ఎనభైలో వచ్చి, నందిగాం సెంటరులో దిగాక కారు లోపల ఒక్కసారిగా చెవులు పగిలేలా మోగితే ఇది ఆపేసి ఉందన్నమాట. లౌడ్‌నెస్ అని మరోటి. సౌండ్ తక్కువగా పెట్టినప్పుడు మనిషి చెవికి మంద్రమూ తారమూ రెండూ మరీ తక్కువ వినబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో కొలిచి చూపించారు. ఆ లోటు పూడ్చడానికి పెట్టిన బటన్ అది. సౌండ్ ఎక్కువ పెట్టుకుని దాన్ని కూడా నొక్కితే దరువు తప్ప మాట వినబడదు. వార్తలకి అది తీసేయాలి, బేస్ తగ్గించాలి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే ఫేడర్‌తో సౌండంతా ముందు స్పీకర్లకి మళ్ళించుకోవచ్చు. బ్యాలెన్స్ ఎడమకీ కుడికీ, ఫేడర్ ముందుకీ వెనక్కీ. ఈ రెండూ వాడినవాళ్ళు అరుదు.

ఇక ఎంత పెట్టాలన్నది. ఉద్దానం లోపలి రోడ్లు ఇరుకు. రెండు వైపులా కొబ్బరి, జీడి, పనస. మలుపులో ఎదురుగా కొబ్బరికాయల లోడు ట్రాక్టరు వస్తుందో, పశువులే వస్తాయో తెలిసేది హారన్‌తోనూ, గంటల చప్పుడుతోనూ. అద్దాలెత్తి, ఏసీ వేసి, సౌండ్ పెంచితే 108 అంబులెన్స్ సైరన్ కూడా వెనక బంపరు దగ్గరికొచ్చేదాకా వినపడదు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి వెళ్ళే మనుషులు ఊరూరా ఉన్న ప్రాంతమిది. ఇక్కడ ఆ సైరన్‌కి దారివ్వడం తరచూ పడే పనే.

చూపు సంగతి ఇంకా ముఖ్యం. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. తెర మీద స్టేషన్ పేరు వెతుకుతూ రెండు సెకన్లు కళ్ళు దించితే నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కార్ల కంపెనీలకిచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో చూపూ రెండు సెకన్లు మించకూడదని పెట్టింది అందుకే. గుండీ తీసేసి తెర మీద వేలితో జరిపే వాల్యూమ్ పెట్టిన హోండా, కొన్నవాళ్ళ చీవాట్లు తిని, 2017 సీఆర్‌వీలో గుండీ తిరిగి తెచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ కూడా వాల్యూమ్‌కి అసలు బటన్లు మళ్ళీ పెడతామని 2025లో ప్రకటించింది. స్టీరింగ్ మీద బటన్లున్న కారైతే బొటనవేలు చాలు. లేని కారులో బయల్దేరే ముందే ప్రీసెట్లు నింపుకోవాలి. ఎఫ్‌ఎం మొదటి పేజీలో విశాఖ స్టేషన్లు, రెండో పేజీలో ఒడిశా వైపువి, ఏఎంలో ఒకటో నంబరుకి 927, రెండుకి 837. రాత్రిపూట విజయవాడ వినే అలవాటున్నవాళ్ళకి నందిగాంలో ఒక్క నొక్కుడు. ఆటో స్టోర్ బటన్ మాత్రం దారిలో నొక్కకూడదు. అది గట్టిగా దొరికినవాటిని తెచ్చి పాతవాటి మీద రాసేస్తుంది, అక్కడ గట్టివేవీ లేకపోతే ఉన్నవీ పోతాయి.

తిత్లీ రాత్రి తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస సమీపంలో, వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుగా 165. జీడితోటలు, కొబ్బరిచెట్లు కూకటివేళ్ళతో పడిపోయాయి. కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. టవర్ పోతే ఫోన్‌లో వార్త లేదు. కరెంటు పోతే టీవీ లేదు. అలాంటప్పుడు వాకిట్లో నిలబడ్డ కారులో రెండు విలువైన వస్తువులుంటాయి. ఒకటి బ్యాటరీ. రెండోది నూటయాభై కిలోమీటర్ల అవతల, తుపాను కన్నుకి దూరంగా నిలబడ్డ ట్రాన్స్‌మిటర్ మాట పట్టుకోగల రేడియో.

ఆ రోజుల కోసం తెలిసుండాల్సినవి కొన్ని. తాళం చెవిని ఇంజను స్టార్టయ్యే దాకా కాకుండా మొదటి మెట్టు దగ్గర ఆపితే రేడియో పని చేస్తుంది. సౌండ్ తగ్గించి వింటే మామూలు సెట్టు ఒకటీ రెండూ ఆంపియర్లే తాగుతుంది. కారు బ్యాటరీ ముప్ఫై ఐదు, నలభై ఐదు ఆంపియర్ అవర్లది. అంటే గంటల తరబడి వస్తుంది, కాకపోతే రాత్రంతా పెట్టి పడుకుంటే తెల్లారి బండి స్టార్ట్ కాదు. గంటకి పదినిమిషాలు వార్తల వేళకి పెట్టుకుని కట్టేయడం మేలు. పెద్ద తెర సెట్టయితే వెలుతురు పూర్తిగా తగ్గించాలి. చార్జింగ్ కోసం ఇంజను వేస్తే ఆరుబయటే వేయాలి. మూసిన షెడ్డులో వేస్తే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఇంత చేసే ఏఎంకి మాత్రం రోజులు అంత బాగా లేవు. ప్రసార భారతి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను కొన్నిచోట్ల ఆపేస్తూ వస్తోంది. దానికి బదులు డీఆర్‌ఎం అనే డిజిటల్ పద్ధతి మీద ఆకాశవాణి పెద్ద పెట్టుబడే పెట్టింది. 2017 నుంచి మన దేశంలో అమ్ముడైన మారుతీ, హ్యుందాయ్ కార్లలో కొన్నింట్లో దాన్ని పట్టే రిసీవర్ ఉంది, ఉన్నట్టు యజమానికి తెలియకపోయినా. అటు అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల మోటార్లు ఏఎంలో రొద పుట్టిస్తున్నాయని కొన్ని కంపెనీలు ఆ బ్యాండే తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తామని చెప్పి, 2023 మేలో వెనక్కి తగ్గింది. అక్కడి వాదన కూడా ఇదే, విపత్తు వేళ హెచ్చరిక ఎలా చేరుతుందని.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ళకు వేలం వేయడానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో శ్రీకాకుళం పేరుంది. రేపు అక్కడ టవర్ లేస్తే ఆమదాలవలస, నరసన్నపేటల్లో మంచి స్టీరియో పాటలు వినొచ్చు. టెక్కలి అంచు మీద ఉంటుంది. నందిగాం దగ్గర వచ్చీ రానట్టు వస్తే గొప్పే, పలాస, మందస, సోంపేటలకు అందడం కష్టం. కాబట్టి ఉద్దానం మనిషి కొత్త కారు కోసం షోరూముకి వెళ్ళినప్పుడు, సన్‌రూఫ్ గురించీ తెర సైజు గురించీ అడిగాక సెట్టు ఆన్ చేయించి, ఏఎం బ్యాండ్ ఉందో లేదో, ఉంటే తొమ్మిదేసి అంకెలు నడుస్తోందో లేదో అక్కడే చూసుకోవడం నయం. బుక్ చేశాక తెలిసి లాభం లేదు.